జిల్లా పేజీలో కన్నం

జగన్నాధం మాస్టారు పేపరును రెండు చేతులా పట్టుకుని పైకెత్తారు. కింది మూల దగ్గర అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద కన్నం ఉంది. అరుగు పక్క పందిరి మీద పూసిన బీరపువ్వు ఆ కన్నంలోంచి పద్మకుమారికి కనిపించింది.

"ఇది ఏడోది పద్మా. ఏడు శనివారాలు, ఏడు జిల్లా పేజీలు. అన్నీ ఒకే చోట, ఒకే కొలత."

ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆయనకిచ్చి ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. భర్త ధర్మేంద్ర పందిరి రాట దగ్గర, మాస్టారికి సగం వీపు పెట్టి నిలుచున్నాడు. అత్త దేముడమ్మ మాత్రం వంగమడిలో గొప్పు తవ్వడం ఆపలేదు.

"శనివారం జిల్లా పేజీలో ఏముంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు," అన్నారు మాస్టారు.

చెప్పక్కర్లేదు. ఆమదాలవలసలో కొత్తగా తెరిచిన సూపర్ బజారు కూపన్ ఉంటుంది. కత్తిరించి పట్టుకెళ్తే కందిపప్పు మీద తగ్గింపు ఇస్తారు. బిల్లుకి ఒక్క కూపనే. కందిపప్పు కిలో రెండొందలు దాటిన ఆ ఏడాది, ఆ కాగితం ముక్క చేతిలో ఉంటేనే పద్మకుమారి ఇంట్లో పప్పు ఉడికేది. కూరలకి పెరడు, పప్పుకి కూపను. ధర్మేంద్ర పనిచేసే జూట్‌మిల్లు మూతపడిన దగ్గర్నుంచీ సంసారం ఆ రెండింటి మీదే నడుస్తోంది.

మిల్లు పోయి దిక్కుతోచకుండా ఉన్నవాణ్ణి పిలిచి, స్టేషన్ రోడ్డులోని పఠన మందిరంలో అటెండరుగా పెట్టింది ఈ మాస్టారే. ఆ కొద్దిపాటి జీతం కూతురి చదువుకే సరిపోతోంది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మందిరం కమిటీకి కార్యదర్శి. తెల్లటి చొక్కా మీద మడత నలగనివ్వని మనిషి.

"కూపన్లు నాను కత్తిరిస్తాను మాస్టారూ, కాదన్ను," అంది పద్మకుమారి. "పక్కింటి లక్ష్మణమ్మొదిన పేపరు సదివేసి నాకిస్తాది, నాను కాయగూరలిస్తాను. మా ఆయన జోగయ్య టీకొట్లో పాత పేపరు అడిగి తెస్తాడు. మందిరంలోది నాను ముట్టుకోలేదు."

"మధ్యాహ్నం క్యారేజీ తెస్తావు కదా? ఆ వేళకి చదువుకునేవాళ్లు భోజనాలకి పోతారు. గది ఖాళీగా ఉంటుంది."

"కేరేజీ బల్ల మీదెట్టి వచ్చెస్తాను. కూకోను కూడా."

మాస్టారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"ధర్మేంద్రని అడిగాను. నువ్వు తీశావా అన్నాను. లేదన్నాడు. మరెవరు తీసుంటారు అన్నాను. మాట్లాడలేదు. మీ ఆవిడా అన్నాను. అప్పుడూ మాట్లాడలేదు."

పద్మకుమారి భర్త వైపు చూసింది. అతను రాటకు చుట్టిన కొబ్బరితాడు ముడిని గోరుతో గీరుతున్నాడు.

వంగమడిలో గునపం ఆగింది.

"ఏట్రా, నోట్లో ఏటెట్టుకున్నావు?" దేముడమ్మ లేచి నిలబడింది. "నా పెళ్లాం తియ్యలేదని సెప్పు! దాని సంగతి నీకు తెల్దా?"

ధర్మేంద్ర గోటికి కొబ్బరిపీచు ఊడొచ్చింది.

మాస్టారే మళ్లీ అందుకున్నారు. ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"కాగితానికి వెనక పక్క కూడా ఉంటుందమ్మా. దూసి నుంచి రోజూ రైల్లో వచ్చి మా దగ్గర చదువుకునే పిల్ల ఒకత్తె ఉంది. పేపరు కొనుక్కునే స్తోమతు లేదు. మొన్నటి కూపన్ వెనక నర్సు ఉద్యోగాల ప్రకటన పడింది. కన్నం సరిగ్గా చివరి తేదీ మీద వచ్చింది. ఇంకా గడువుందనుకుని నింపాదిగా సర్టిఫికెట్లు పోగు చేసుకుంది. నిన్న అప్లికేషన్ పట్టుకెళ్తే గడువు దాటి రెండు రోజులైందన్నారట. వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చింది."

శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న కూతురు శ్రావణి పద్మకుమారి కళ్లముందు మెదిలింది.

"రేపు తొమ్మిదింటికి కమిటీ కూర్చుంటుంది. ధర్మేంద్ర తీసుంటే అతన్ని ఉంచలేం. కాపలా ఉండాల్సినవాడే తీశాడని పేరొస్తుంది. నువ్వు తీసుంటే మాత్రం, తెలియక తీశాను, ఇక మందిరానికి రానని కాగితం రాసివ్వు. అంతటితో ముగించేలా నేను చూస్తాను. ఎవరో ఒకరు నిజం చెప్పాలి."

ఆయన లేచారు. పద్మకుమారి అలవాటుగా బీరకాయలూ చిక్కుళ్లూ వేసి ఉంచిన సంచీ అందించబోయింది. వచ్చినప్పుడల్లా, మా ఆవిడ మీ పెరటి కూరకే ముచ్చటపడుతుందంటూ నవ్వుతూ పుచ్చుకునే మనిషి ఈసారి చెయ్యి చాపలేదు.

"వద్దమ్మా. ఇవాళ్టికి వద్దు."

గేటు చప్పుడైంది. పక్కింటి అరుగు మీద బియ్యం ఏరుతున్న లక్ష్మణమ్మ గబుక్కున చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

* * *

"అడిగినప్పుడు నోరెందుకు రాలేదు బావా?"

ధర్మేంద్ర బియ్యం కడిగిన నీళ్ల బకెట్టు ఎత్తుకుని తోటకూర మడి దగ్గరికి నడిచాడు.

"నిన్నే."

"ఏటి సెప్పమంతావు?"

"పద్మ అలగ సెయ్యదని. ఒక్క ముక్క."

"సెప్తే నమ్మెస్తారేటి? కూపన్ల పద్మ అంతారు నిన్ను. ఊరందరికీ తెలుసు."

ఆ మాట ఆమె బజారు క్యూలో వెనక నుంచి ఒకటి రెండుసార్లు విన్నది. భర్త నోట వినడం ఇదే మొదలు.

"ఎవులంతారు?"

అతను నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఒక్క మొక్క మొదట్లోనే పోస్తున్నాడు. మట్టి కొట్టుకుపోయి వేళ్లు తేలాయి.

"అది సస్తాది. ఆపు," అంది దేముడమ్మ. బకెట్టు లాక్కుని, తేలిన వేళ్ల మీద మట్టి కప్పసాగింది. ఆ పెరడంతా ఆమె చేతి చలవే. పొలం గట్ల మీద పుట్టి పెరిగిన మనిషి. పోయిన ఏడాది తుపానుకి పందిళ్లు లేచిపోయి గోడకతుక్కుంటే, మర్నాడే తడిమట్టిలో కూర్చుని మళ్లీ గింజలు నాటింది. కూపన్లంటే మాత్రం ఆమెకి గిట్టదు. కాయితాలు ఉడకబెట్టుకు తింతారేటే అని కోడల్ని వేళాకోళం చేస్తుంది.

"ఓ కాయితమే కదా పద్మా," అన్నాడు ధర్మేంద్ర నేల చూస్తూ. "రాసిచ్చెయ్. ఈ ఉద్యోగం కూడా పోతే గుంట సదువేటవుతాది?"

"నాను దొంగనని నా సేత్తో రాయాలా?"

"దొంగని ఎవులు రాయమన్నారు? తెలీక తీసినానని రాయి."

"తియ్యందే తీసినానని ఎలగ రాస్తాను?"

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంట్లోకి నడిచాడు.

మందిరానికి సెలవు కావడంతో మధ్యాహ్నం ముగ్గురూ ఇంట్లోనే వంకాయ కూరతో కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ మారు అడగలేదు. ధర్మేంద్ర నాలుగు ముద్దలు తిని కంచం ముందే చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ ఇంట్లో కంచంలో అన్నం మిగలడం ఎవరూ చూసి ఎరుగరు. దేముడమ్మ ఆ కంచం వైపు చాలాసేపు చూసి, దాన్ని తన ముందుకు లాక్కుంది.

* * *

అత్త నడుం వాల్చాక పద్మకుమారి అటక మీది బిస్కట్ల డబ్బా దించింది. బిల్లుకి ఒక్కటే చెల్లుతుంది కాబట్టి వాడగా మిగిలిన కూపన్లు అందులో ఉంటాయి. సబ్బులవి, నూనెవి, పప్పువి వేరువేరుగా దారం చుట్టి పెడుతుంది.

పప్పు కూపన్ల కట్ట విప్పి చాప మీద పరిచింది. మాస్టారికి ఇవి చూపించాలనుకుంది. ఇదిగో లక్ష్మణమ్మ ఇచ్చినవి, ఇవిగో టీకొట్టువి అని ఒక్కొక్కటీ చూపించి, నాను ముట్టుకోలేదని మళ్లీ చెప్పాలి.

లక్ష్మణమ్మ పేపర్లవి తను కత్తెరతో కత్తిరించినవే. అంచులు కొంచెం వంకర. టీకొట్టువని భర్త తెచ్చేవి ఈమధ్య కత్తిరించే వస్తున్నాయి. వాటి అంచులు తిన్నగా, సన్నటి నూగుతో ఉన్నాయి. స్టీలు స్కేలు ఆనించి చింపితే అలా వస్తుంది. మిల్లులో స్టోర్సు చీటీలు అలా చింపడం అతనికి అలవాటు.

టీకొట్లో స్కేలెక్కడిది?

ఒకటి తీసి తిరగేసింది. మూలన ఊదారంగు గీత, గోరు చివరంత. ఇంకోటి తిరగేసింది. దాని మీదా గీత. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది, అది గుండ్రటి ముద్ర అంచు. మందిరంలో పొద్దున్నే ప్రతి పేపరు మీదా ధర్మేంద్ర కొట్టే ముద్ర.

ఆమె చేతులు ఒళ్లో పడిపోయాయి.

కోపం రావడానికి ముందు ఇంకొకటి గుర్తుకొచ్చింది. వినాయక చవితి ముందు శనివారం కాబోలు, ఈ ఊదా గీత ఆమె చూసింది. ఇదేటి బావా అని అడగబోయింది. సూపర్ బజారు తలుపులు తెరిచే వేళ దాటిపోతోందని, క్యూ పెరిగిపోతుందని సంచీ పట్టుకుని పరిగెత్తింది. తిరిగొచ్చాక అడగొచ్చు. అడగలేదు. పప్పు డబ్బాలో పోస్తుంటే వచ్చిన చప్పుడుకి మనసు నిండిపోయింది.

అంతేనా? లేక, అడిగితే ఆ పప్పు నోటికి పోదని ఎక్కడో తెలిసే ఊరుకుందా?

ఊదా గీతలున్న రెండూ విడిగా తీసి కొంగున ముడేసుకుంది. డబ్బా మూత బిగించి లేచింది.

* * *

ఎండ తగ్గాక ధర్మేంద్ర చిక్కుడు తీగల్ని పందిరికి ఎక్కిస్తున్నాడు. పద్మకుమారి ఎదురుగా వెళ్లి అరచేయి తెరిచింది. రెండు కూపన్లు వెనక పక్కకి తిప్పి ఉన్నాయి.

అతను చూశాడు. తీగ చేతిలోంచి జారిపోయింది.

"జోగయ్య పేపరు ఎప్పుడు మానేసినాడు?"

"...రెండు నెల్లయ్యింది."

"నాకెందుకు సెప్పలేదు?"

"శనివారం శనివారం గుమ్మంలో నిలబడి తెచ్చినావా బావా అంతావు." జారిన తీగని వంగి అందుకున్నాడు. "మిల్లు పోయినకాడ్నించీ నాను ఇంటికి తెచ్చిందేటి ఉన్నాది? పెరడు అమ్మది. కూపన్లు, బజారు, లెక్క అన్నీ నీవి. ఆ ఒక్క ముక్క సేతిలో ఎడితే నీ ముఖం ఎలగుంతాదో నీకు తెల్దు. ఒట్టి సేతుల్తో రానేకపోయినాను."

"అలగని నామీదకి తోసెస్తావా?"

"నాను తొయ్యలేదు! ఆయనే నీ పేరెత్తినారు."

"ఎత్తినప్పుడు కాదనలేదు. తొయ్యడం అంటే ఇంకెలగుంతాది?"

అతను పందిరి రాట పట్టుకుని కిందికి జారి కూలబడ్డాడు. ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"దూసి గుంట ఏడిసిందంట, విన్నావు కదా? మన శ్రావణి అయితే?"

"సెప్పకు పద్మా. పొద్దున్నించీ అదే సెవుల్లో ఉన్నాది."

"అయితే రేపు నువ్వే సెప్పు. నాను పక్కనే నిలబడతాను. అడగకుండా తిన్న తప్పు నాదీ ఉన్నాది, అదీ సెప్తాను. ఉద్యోగం పోతే పోనాది. పక్క ఖాళీ స్థలం అడిగి ఇంకో నాలుగు మడులు ఎడదాం. నాను సంతలో కూకుని అమ్ముతాను. దొంగ కాయితం రాసి మాత్రం బతకనేను."

అతను తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సరే. నానే సెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

చిక్కుడు పందిరి అవతల ఆకులు కదిలాయి. దేముడమ్మ పాల డబ్బాతో నీళ్లు పోస్తోంది. ఎప్పట్నుంచి అక్కడుందో ఇద్దరికీ తెలియదు. వాళ్లవైపు చూడనైనా చూడకుండా డబ్బా బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

* * *

తెల్లారి ఏడింటికి ధర్మేంద్ర తలుపులు తియ్యడానికి మందిరానికి వెళ్లాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "నువ్వు తొమ్మిదింటికి వచ్చెయ్," అన్నాడు. పద్మకుమారి తలూపింది. చాలా నెలల తర్వాత ఆమెకి మనసు తేలికగా ఉంది.

ఎనిమిదిన్నరకి అత్తకి టీ పట్టుకెళ్తే పెరట్లో లేదు. అసిరయ్య పశువుల పాకకి పేడకి వెళ్లుంటుందనుకుంది. పేడ తట్ట మాత్రం గోడకే ఆనించి ఉంది. దండెం మీద ఆరేసిన గళ్ల చీర లేదు. పెళ్లిళ్లకి తప్ప దేముడమ్మ కట్టని చీర అది.

పద్మకుమారి గ్లాసు అక్కడే పెట్టి పరుగులాంటి నడకతో స్టేషన్ రోడ్డు పట్టింది.

మందిరం మెట్ల మీద అత్త చెప్పులున్నాయి.

లోపల, తొమ్మిది కాకముందే, పొడవాటి బల్ల వెనక మాస్టారు, ఆయనకి చెరో పక్కా కమిటీ పెద్దలు ఇద్దరు. బల్ల ముందు దేముడమ్మ. ఆమె వెనకగా, గోడవారన ధర్మేంద్ర. బల్ల మీద మందిరం తాళాల గుత్తి, సిరా ప్యాడు, మాస్టారి దస్తూరితో రాసిన ఒక కాగితం. కాగితం అడుగున వేలిముద్ర ఇంకా తడిగా మెరుస్తోంది.

"నానే తీసినాను బాబూ," అంటోంది దేముడమ్మ. "సదువు రాని ముండని. పాత కాయితాలనుకున్నాను. కోడలికి పప్పు దొరుకుతాదని బ్లేడెట్టి కోసినాను. దానికి తెల్దు, ఈడికీ తెల్దు."

"నువ్వెప్పుడు వచ్చావమ్మా ఇక్కడికి? నేనెప్పుడూ చూడలేదే."

"శనివారం శనివారం కేరేజీ నానే తెస్తాను. దాన్ని బజారుకి పంపించి నానొస్తాను."

మాస్టారు ఆమె వేలి వైపు, తర్వాత కాగితం వైపు చూశారు. ఆయన నమ్మలేదని పద్మకుమారికి గుమ్మం దగ్గరికే తెలిసింది. నమ్మితే అందరికీ తేలికవుతుందన్న ఆశ కూడా ఆ ముఖంలో కనిపించింది.

"ధర్మేంద్రా," అన్నారాయన. "మీ అమ్మ చెప్పింది నిజమేనా?"

ధర్మేంద్ర తలెత్తాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉండటం చూశాడు. ఆమె కళ్లలోకి ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు.

నిన్న మాట్లాడని మనిషి ఇవాళ మాట్లాడాడు.

"అవును సార్."

దేముడమ్మ కళ్లు మూసుకుంది. ఆ మాట కోసమే వచ్చింది ఆమె. ఆ మాట విన్నాక మాత్రం ఆమె భుజాలు ఒక్కసారిగా కుంగిపోయాయి.

"సరే. ముసలావిడ, చదువు రానిది. ఇక పొడిగించొద్దు," అన్నాడు పెద్దల్లో ఒకాయన. మాస్టారు నిట్టూర్చి తాళాల గుత్తిని బల్ల మీదుగా ధర్మేంద్ర వైపు తోశారు. అతను ముందుకొచ్చి అందుకున్నాడు. గుత్తిని వేళ్ల మధ్య తిప్పుతుంటే తాళాలు గలగలమన్నాయి.

"మాస్టారూ, ఆ కాయితం మడవకండి."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. పద్మకుమారి లోపలికొచ్చి అత్త పక్కన నిలబడింది. సిరా అంటిన ఆ వేలిని తన పైటచెంగుతో పట్టుకుని తుడవసాగింది. సిరా పోవడం లేదు.

"ఒలే, ఊరుకో," అంది దేముడమ్మ గుసగుసగా. "నాకు పెరట్లో పని తప్ప ఊరితో ఏటి పని? దొంగని నన్నంతే ఎవులికి నష్టం? ఊరుకోయే తల్లీ."

"నాకు నష్టం అత్తా."

మాస్టారి వైపు తిరిగింది.

"మా అత్త ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలండి. కేరేజీ ఏనాడూ తేలేదు. అన్నీ నానే తెచ్చినాను."

మాస్టారు నెమ్మదిగా కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టారు.

"అంటే ఇప్పుడితను నాకు అబద్ధం చెప్పాడన్నమాట. సరే. మరి పేపర్లు ఎవరు కోశారు పద్మా? నువ్వా, మీ ఆయనా?"

ధర్మేంద్ర చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది.